స్టీలు గిన్నెలో మెరుపులు

మియాపూర్ వైపు ఒక అపార్ట్‌మెంట్ నాలుగో అంతస్తు నుంచి వచ్చిన ఉత్తరం ఇది. రాసినామెకు 64 ఏళ్లు. పేరు వేయొద్దన్నారు. సొంతూరు జనగామ దగ్గరి పల్లె. రెండేళ్ల కిందట భర్త పోయాక కొడుకు హైదరాబాద్ తీసుకొచ్చాడు. కొడుకూ కోడలూ ఇద్దరూ ఉద్యోగాలకు పోతారు. పొద్దున ఎనిమిదిన్నరకు బయటపడితే మళ్లీ ఇల్లు చేరేది రాత్రి ఏడు దాటాకే. ఏడేళ్ల మనుమరాలు మధ్యాహ్నం మూడున్నరకు స్కూలు బస్సు దిగుతుంది. అప్పటిదాకా ఇంట్లో ఆమె ఒక్కరే.

ఆరు నెలల కిందట ఒకరోజు స్టవ్ మీద పాలు పెట్టి, బాల్కనీలో బట్టలు తీస్తుంటే ఊరి నుంచి ఫోన్ వచ్చింది. మాటల్లో పడి పాలు మరిచిపోయారు. పాలన్నీ ఇగిరిపోయి గిన్నె మాడి ఇల్లంతా పొగ కమ్మింది. ఎవరికీ ఏమీ కాలేదు. కానీ ఆ మర్నాటి నుంచి కొడుకు ఆఫీసుకు పోయేముందు గ్యాస్ రెగ్యులేటర్ బంద్ చేసి పోతున్నాడు. వారం తిరక్కుండా మైక్రోవేవ్ ఓవెన్ తెచ్చి ఫ్రిజ్ మీద పెట్టాడు. ‘ఇందులో పెట్టి బటన్ నొక్కు, అంతే’ అన్నాడు. ఏ గిన్నెలో పెట్టాలో అతను చెప్పలేదు, ఈమె అడగలేదు. మూడోనాడు పప్పు స్టీలు గిన్నెలో, స్టీలు చెంచాతో సహా లోపల పెట్టారు. చిటపటమని చప్పుడు, నీలం రంగు మెరుపులు. రాత్రి కొడుకు అన్న మాట: ‘ఇల్లు తగలబెడతవా అమ్మా? ఇగ దాన్ని ముట్టకు.’

‘అది ముట్టొద్దు, ఇది ముట్టొద్దు. నలభై ఏండ్లు పదిమందికి వండిపెట్టినదాన్ని’ అని రాశారు. అప్పటి నుంచి తాను చల్లటి అన్నమే తింటున్నారు. పిల్లకు మాత్రం పెట్టలేక, మూడింటికి రెగ్యులేటర్ తిప్పి, అన్నం కూర వేడి చేసి, మళ్లీ ఎట్లా ఉన్నది అట్లా బంద్ చేస్తున్నారు. ఈ సంగతి మనుమరాలికి తప్ప ఎవరికీ తెలియదు. ‘డాడీకి చెప్పను లే నానమ్మా’ అంటుందట ఆ పిల్ల. కింద ఫ్లాటు ఆవిడేమో ఓవెన్‌లో వేడి చేసింది తింటే క్యాన్సర్ వస్తుందని, ముందు నిలబడితే కళ్లు పోతాయని చెప్పింది. కోడలు కూరలన్నీ ప్లాస్టిక్ డబ్బాలతోనే లోపల పెట్టేస్తుంది. ‘అది నేర్చుకోవాల్నా, దూరంగా ఉండాల్నా? నాకు మతిమరుపు జబ్బు వచ్చిందా? ఊరికి పోతే మంచిదా?’ అని అడిగారు. చివర, చిన్నగా, ‘అందులో పల్లీలు వేగుతయా?’ అని కూడా.

అమ్మా,

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదట ఆ మెరుపుల సంగతి తేల్చుకుందాం. ఆరు నెలలుగా మిమ్మల్ని ఆ వంటింట్లో దొంగలా తిప్పుతున్నది అదే.

ఓవెన్ లోపల మాగ్నెట్రాన్ అని ఒక గొట్టం ఉంటుంది. అందులోంచి వచ్చే తరంగాలు పదార్థంలో ఉన్న నీటిని కదిలించి వేడెక్కిస్తాయి. గాజు, పింగాణీల గుండా అవి దూసుకుపోతాయి. స్టీలుకు తగిలితే మాత్రం గోడకు కొట్టిన బంతిలా వెనక్కి వస్తాయి. అంటే మీ గిన్నెలో పప్పుకు పైనుంచి తప్ప వేడి అందే దారి లేదు. ఇక చెంచా అంచు గిన్నెకు తగిలీ తగలక ఉన్నచోట, రెండు కరెంటు తీగలు రాసుకున్నట్టు నిప్పురవ్వలు వస్తాయి. మీరు చూసింది అది. అంచున బంగారు గీత ఉన్న కప్పు పెట్టినా, అల్యూమినియం ఫాయిల్ పెట్టినా అంతే. ఇల్లు తగలబడే పని కాదు గానీ, అలాగే వదిలేస్తే లోపల కాలవచ్చు, ఓవెన్ పాడవచ్చు. మర్నాడు మీ అబ్బాయి అందులోనే కాఫీ వేడి చేసుకున్నాడని మీరే రాశారు కాబట్టి దానికేం కాలేదనే అనుకోవచ్చు. ఒక్కసారి లోపలి పక్క గోడ మీద అట్టముక్కలాంటి పలక ఉంటుంది, మైకా అంటారు, అది నల్లగా మాడిందేమో చూడమనండి. మాడితే మెకానిక్ మార్చేస్తాడు.

ఇంకో మాట. ఈ ఓవెన్‌కు మూలపురుషుడు పెర్సీ స్పెన్సర్ అనే అమెరికావాడు. పన్నెండేళ్లకే చదువు మాని మిల్లులో పనికి కుదిరినవాడు. 1945లో రాడార్ యంత్రాల్లోని మాగ్నెట్రాన్ల దగ్గర పనిచేస్తుండగా జేబులో ఉన్న చాక్లెట్ కరిగిపోయిందట. ఏమిటిది అని మొక్కజొన్న గింజలు దగ్గర పెడితే పేలాలయ్యాయి. తర్వాత గుడ్డు పెడితే అది పేలి పక్కన తొంగి చూస్తున్నవాడి మొహాన పడిందని చెబుతారు. కనిపెట్టినవాళ్లకే అట్లా జరిగితే, ఎవరూ ఏమీ చెప్పకుండా వదిలేసిన మీకు మూడోనాడు నిప్పురవ్వలు రావడంలో సిగ్గుపడాల్సింది ఏముంది? (మా ఇంట్లో నేనూ ఉడికించిన గుడ్డును వేడి చేయబోయి పేల్చాను. పచ్చసొన సీలింగ్ దాకా ఎగిరింది. పెంకుతో గానీ, ఉడికినది పెంకు తీసి గానీ, గుడ్డును మాత్రం అందులో పెట్టకండి.)

కింద ఫ్లాటు ఆవిడ చెప్పినదాని గురించి. ఆవిడ పేరు చెప్పి గొడవ పెట్టుకోకండి, మంచి మనసుతోనే చెప్పి ఉంటుంది. కానీ అది నిజం కాదు. ఎక్స్‌రే కిరణాలకు శరీరం లోపలి కణాలను చెడగొట్టే శక్తి ఉంది. ఓవెన్ తరంగాలకు ఆ శక్తి లేదు, అవి రేడియో తరంగాల కుటుంబం. అవి చేసేదల్లా వేడి చేయడమే. బల్బు ఆర్పేస్తే గదిలో వెలుగు మిగులుతుందా? గంట మోగి ఓవెన్ ఆగితే తరంగాలూ అంతే, అన్నంలో ఏమీ మిగలదు. తలుపు తెరిచిన క్షణంలో మిషన్ దానంతటదే ఆగిపోతుంది. తలుపు అద్దంలో చిన్న చిన్న రంధ్రాల జల్లెడ కనిపిస్తుంది కదా, ఆ రంధ్రం మిల్లీమీటరు అటూఇటూ ఉంటుంది. ఈ తరంగం పొడవు 12 సెంటీమీటర్లు. దోమతెరలోంచి గాలి వచ్చినట్టు వెలుగు బయటికి వస్తుంది, దోమలాగా తరంగం లోపలే ఆగిపోతుంది.

కళ్ల సంగతి పూర్తిగా గాలిమాట కాదు. చాలా ఎక్కువ మోతాదులో ఈ తరంగాలు సూటిగా తగిలితే ఆ వేడికి కంటికి హాని జరుగుతుంది. అందుకే తలుపుకు 5 సెంటీమీటర్ల దూరంలో చదరపు సెంటీమీటరుకు 5 మిల్లీవాట్లు దాటకూడదని అంతర్జాతీయ ప్రమాణం పెట్టారు. హాని చేసే మోతాదుకు అది చాలా చాలా దూరం. అదీ అర మీటరు వెనక్కి జరిగితే నూరో వంతుకు పడిపోతుంది. మీరు చూసుకోవాల్సింది తలుపు. వంగిందా, అద్దం పగిలిందా, అంచుల్లో కూర మరకలు గట్టిపడి సరిగ్గా మూసుకోవడం లేదా? అలాంటిది ఏదైనా ఉంటే బాగుచేసేదాకా వాడొద్దు. లేకపోతే ముందు నిలబడి కూర తిరగడం చూసినా ఏం కాదు.

ఆ భయం తీసేశాక, నిజంగా భయపడాల్సినవి కొన్ని ఉన్నాయి. వాటి గురించి మీకెవరూ చెప్పలేదు.

అన్నిటికన్నా ముందు ఆ ఓవెన్ ఉన్నచోటు. ఫ్రిజ్ మీద అన్నారు. ‘మునివేళ్ల మీద నిలబడి పెట్టాల్సి వచ్చింది’ అని మీరు మధ్యలో ఒక ముక్క రాసి వదిలేశారు. నాకు మెరుపుల కంటే అదే ఎక్కువ గుబులు పుట్టించింది. వేడి వేడి సాంబారు గిన్నెను తల కంటే ఎత్తు నుంచి, చేతులు చాపి, లోపల ఎంత కాగిందో కనపడకుండా దింపడం! ఓవెన్ వల్ల ఇళ్లలో జరిగే ప్రమాదాల్లో పెద్దవి ఒళ్లు కాలడమే. అది మీ రొమ్ము ఎత్తుకు దిగాలి, ముందు గిన్నె దింపుకోను జానెడు జాగా ఉండాలి. వెనకా పక్కలా గాలి ఆడాలి. 15 యాంప్స్ అని మనం పిలిచే పెద్ద ప్లగ్గుకే పెట్టాలి, ఎక్స్‌టెన్షన్ బాక్సుకు వద్దు. మీ కిచెన్ ప్లాట్‌ఫారం మీద జాగా లేదంటే, మిక్సీని ఫ్రిజ్ మీదికి పంపించి దీన్ని కిందికి దించమనండి.

తర్వాత నీళ్లు. నున్నటి కప్పులో ఉత్త నీళ్లు ఎక్కువసేపు పెడితే ఒక్కోసారి మరిగే వేడి దాటినా బుడగ రాదు. నిమ్మళంగా కనిపిస్తాయి. చెంచా వేసినా, కాఫీ పొడి వేసినా ఒక్కసారిగా పొంగి చేతుల మీద పడతాయి. నీళ్లు పెట్టేటప్పుడు ఒక చెక్క చెంచా వేసి పెట్టండి, ఆగాక ఒక నిమిషం ఉండి తీయండి. మూత పెట్టిన గిన్నెను మొహానికి దూరంగా, అవతలి అంచు నుంచి మూత తెరవండి. అసలు మూత బిగించి పెట్టకూడదు, ఆవిరి పోవడానికి సందు వదలాలి.

అన్నం గురించి కొంచెం ఎక్కువ చెబుతాను. ఆరు నెలలుగా మీరు చల్లన్నమే తింటున్నారు కాబట్టి. పొద్దున ఎనిమిదింటికి కుక్కర్ దింపి, మూడున్నర దాకా ప్లాట్‌ఫారం మీదే ఉంచుతున్నట్టున్నారు. బియ్యంలో ఒక రకం బ్యాక్టీరియా బీజాలు ఉంటాయి, ఉడికించినా చావవు. అన్నం గోరువెచ్చగా గంటలకొద్దీ ఉంటే అవి పెరిగి విషం వదులుతాయి. వాటిలో ఒక విషం ఎంత వేడి చేసినా పోదు. పెద్దవాళ్లయినా పిల్లలయినా వాంతులు. హైదరాబాద్ ఎండాకాలంలో అయితే మరీ తొందరగా. అందుకని పిల్లకు పెట్టాల్సిన అన్నాన్ని కోడలు పోయేలోపే వెడల్పాటి పళ్లెంలో ఆరబెట్టి, ఫ్రిజ్‌లో పెట్టేసెయ్యండి. రెండు గంటలకు మించి బయట ఉంచొద్దు, ఎండలు ముదిరితే గంటే. మూడున్నరకు గాజు గిన్నెలో వేసి, పైన రెండు చెంచాల నీళ్లు చల్లి, సందు వదిలి మూత పెట్టి నిమిషం. తీసి కలిపి ఇంకో నిమిషం. ఈ ఓవెన్ వేడి ఒకేలా పరుచుకోదు, ఒకచోట మండుతుంటే రెండంగుళాల పక్కన చల్లగా ఉంటుంది. పళ్లెం తిరిగేది కూడా అందుకే. పైన వేలు పెట్టి చూసి కాలిందనుకోకూడదు. మధ్యలో ఆవిరి రావాలి. పిల్లకు పెట్టేముందు రెండు నిమిషాలు ఆగి, అడుగు నుంచి కలపండి.

ప్లాస్టిక్ విషయంలో మీ అనుమానమే సరి. బిర్యానీ వచ్చే డబ్బా అడుగున మూడు బాణాల గుర్తులో 5 అని ఉంటే అది కొంత నయం. అయినా అది ఒక్కసారి వాడి పారేయడానికి చేసినదే. నూనె ఎక్కువున్న కూర నీళ్లకంటే ఎక్కువ వేడెక్కుతుంది, అంచున ప్లాస్టిక్ మెత్తబడటం మీరే చూసి ఉంటారు. కోడలితో ‘నువ్వు చేసేది తప్పు’ అని మొదలుపెడితే మాత్రం ఈ పూట ముగియదు. నాలుగు గాజు గిన్నెలు తెప్పించుకోండి, మీరే కూరలు అందులోకి మార్చేయండి. డబ్బాలు వాటంతటవే పక్కకు పోతాయి. పింగాణీలా కనిపించే గట్టి ప్లాస్టిక్ ప్లేట్లు, మెలమైన్ అంటారు, అవి కూడా వద్దు. ఇంట్లో ఉన్న ఏ పింగాణీ గిన్నె అయినా పనికొస్తుందో లేదో తెలియకపోతే, దాన్ని ఖాళీగా పెట్టి, పక్కన ఒక కప్పు నీళ్లు పెట్టి ఒక నిమిషం తిప్పండి. నీళ్లు వేడెక్కి గిన్నె చల్లగా ఉంటే మంచిది. గిన్నే కాలితే పనికిరాదు. నీళ్లు లేకుండా ఓవెన్‌ను ఉత్తగా మాత్రం తిప్పకండి. ఎప్పుడైనా లోపల మంట కనిపిస్తే తలుపు తెరవొద్దు, గోడ మీది స్విచ్ ఆపేస్తే గాలి అందక అదే చచ్చిపోతుంది.

ఇప్పుడు గ్యాస్. అమ్మా, మీరు చేస్తున్న పనుల్లో నాకు ఒప్పుకోబుద్ధి కానిది ఇదొక్కటే. గ్యాస్ వెలిగించడం తప్పని కాదు, మీకంటే బాగా స్టవ్ తెలిసినవాళ్లు ఆ ఇంట్లో లేరు. కానీ దొంగచాటు పనిలో తొందర ఉంటుంది. లిఫ్ట్ చప్పుడైతే గుండె దడదడ, చేయి రెగ్యులేటర్ మీదికి. పాలు మాడిన రోజు కంటే ఇప్పుడే ప్రమాదం ఎక్కువ. పైగా ఏడేళ్ల పిల్ల మీకోసం తండ్రి దగ్గర ఒక రహస్యం మోస్తోంది. ప్రేమతోనే మోస్తోంది, కాదనను. కానీ రేపు ఇంకెవరైనా ‘ఇంట్లో చెప్పకు’ అంటే కూడా అది మామూలే అనుకుంటుంది. ఆ అలవాటు పడకూడదు.

చెప్పేస్తే ఏమవుతుంది? కొడుకు కోప్పడవచ్చు. ఒక పూట మాట్లాడకపోవచ్చు. సిలిండర్‌కు తాళం వేస్తానని కూడా అనవచ్చు. చెప్పకపోతే ఏదో ఒకరోజు పిల్ల నోటినుంచే వస్తుంది, అప్పుడు అతనికి గ్యాస్ కంటే ‘అమ్మ నాకు దాచింది’ అన్నదే గుచ్చుకుంటుంది. ఎట్లా చెప్పాలో మీ ఇష్టం. కొడుకు ఎగిరిపడే మనిషయితే ముందు కోడలికి చెప్పండి. మీ ఉత్తరం మొత్తంలో ఆమె మీద ప్లాస్టిక్ డబ్బాలు తప్ప వేరే ఫిర్యాదు లేదు, అది నేను గమనించాను. అయితే కోడలి ద్వారా పోతే కొడుకు ‘నాకు నేరుగా చెప్పలేదేం’ అనే అవకాశం ఉంది. నేనైతే ఆదివారం టిఫిన్ అయ్యాక ఇద్దరినీ కూర్చోబెట్టుకుని ‘ఆరు నెలలు చల్లన్నం తిన్నాను, పిల్లకు పెట్టలేక గ్యాస్ ముట్టించాను’ అని ఆ క్రమంలోనే చెబుతాను. మీరు చల్లన్నం తింటున్నట్టు అతనికి తెలియదనే నా అనుమానం. ‘ఇల్లు తగలబెడతవా’ అన్నది ఆ పొగ చూసి భయపడ్డవాడి నోట వచ్చిన మాట. తల్లి ఒక్కతే ఇంట్లో ఉంటే ఏమవునో అన్న భయం గొంతులోంచి వచ్చేసరికి తిట్టులా వినిపిస్తుంది. అట్లా అని ‘తగలబెడతవా’ అన్న మాట బాగుందని నేను అనను.

అప్పుడు మీ ముందు మూడు దారులు. ఓవెన్ నేర్చుకోవడం ఒకటి. అర్ధగంట పని. బటన్ల మీద ఇంగ్లిష్ అక్షరాలంటే బెరుకు అన్నారు కదా, 30 సెకన్ల బటన్ మీద ఒక ఎర్ర బొట్టుబిళ్ల అంటించమనండి, ఆపే బటన్ మీద ఇంకో రంగుది. మీకు ఆ రెండు చాలు. ఎర్రబొట్టు రెండుసార్లు నొక్కితే నిమిషం. గ్రిల్లు, కన్వెక్షన్ జోలికి పోకండి, ఆ పద్ధతుల్లో పెట్టే పాత్రలు వేరు, నియమాలు వేరు. దీనితో చిక్కు ఏమిటంటే మీ గిన్నెలేవీ పనికిరావు, గాజుకు అలవాటు పడాలి. పోపు పెట్టలేరు.

స్టీలు గిన్నె వదల్లేనంటే ఇండక్షన్ స్టవ్ ఉంది. అయస్కాంతం అంటుకునే అడుగున్న స్టీలు గిన్నె ఏదైనా పనిచేస్తుంది. మంట లేదు, టైమర్ పెడితే ఆగిపోతుంది. అప్పుడు పాలు మరిచినా పొంగుతాయే గానీ ఇల్లు పొగచూరేదాకా పోదు. అల్యూమినియం పాత్రలు, అడుగు గుండ్రంగా ఉన్న కడాయి పనికిరావు. నిజం చెప్పాలంటే మీ ఉత్తరం చదివినకొద్దీ మీ చేతికి ఇదే బాగా కుదురుతుందేమో అనిపించింది.

మూడోది గ్యాసే, కానీ అందరికీ తెలిసి. స్టవ్ వెలిగినంతసేపు వంటింటి గడప దాటను, ఫోన్ ఎత్తను అని మీరు ఒప్పుకోవాలి. మీ అబ్బాయి ఆఫీసులో కూర్చుని టెన్షన్ పడకుండా ఉంటాడా అన్నది మీకే తెలియాలి. ఉండలేడంటే దీనికోసం పట్టుబట్టడం వల్ల రోజుకు నాలుగు ఫోన్లు తప్ప మీకు ఒరిగేది లేదు.

మతిమరుపు గురించి: ఫోన్ మాట్లాడుతూ పాలు మరిచిపోవడం ముప్పై ఏళ్లవాళ్లకూ రోజూ జరుగుతుంది. ఒక్కసారి జరిగినదానికి జబ్బు పేరు పెట్టకండి. కానీ మనుషుల పేర్లు, తెలిసిన దారి మరిచిపోవడం, అడిగిందే మళ్లీ అడగడం లాంటివి ఉంటే, లేదా ఈ ఆరు నెలల్లో ఇంకేవైనా ఇలాంటివి జరిగి మీరు రాయకపోయి ఉంటే, డాక్టరు దగ్గరికి వెళ్లండి. విటమిన్ బి12 తగ్గినా, థైరాయిడ్ తేడా చేసినా మరుపు వస్తుంది, మందులతో సర్దుకుంటుంది. ఎవరూ లేనప్పుడు ఆలోచించి చూసుకోండి. భర్త పోయిన దుఃఖంలో మనసు ఒకచోట నిలవకపోవడం కూడా ఉంటుంది, అది వేరే.

ఊరికి పోవడం మీ హక్కు. వెళ్లాలనిపిస్తే వెళ్లండి, ఉండబుద్ధి అయితే ఉండండి. చల్లన్నం మీద అలిగి మాత్రం వెళ్లకండి. మూడున్నరకు బస్సు దిగే పిల్లకు ఆ అలక అర్థం కాదు.

పల్లీలు వేగుతాయి, చక్కగా. గాజు పళ్లెంలో ఒకే వరుసగా పరిచి ఒక నిమిషం పెట్టండి, తీసి కలపండి, ఇంకో నిమిషం, మళ్లీ కలపండి. ఆ తర్వాత అర నిమిషం చొప్పున, దగ్గరే నిలబడి. కమ్మటి వాసన రాగానే ఆపేయాలి. పైకి ఇంకా రంగు మారలేదు కదా అని వదిలేస్తే లోపల మాడిపోతాయి. తీయగానే మెత్తగా ఉన్నాయని మళ్లీ పెట్టకండి. పది నిమిషాలు ఆరనివ్వండి, పొట్టు నలిపితే రాలిపోతుంది.